అనంతపురంలో చేయించుకున్న కాలి సారె: ఎనిమిది నెలల వాడకం తర్వాత

సారె, అంటే కుమ్మరి చక్రం, దాని మీద కూర్చోవడానికి నాకు నలభై రెండేళ్లు పట్టింది. మాది కుమ్మరి ఇల్లే. కానీ మా ఇండ్లల్లో ఆడవాళ్లు మట్టి తొక్కుతారు, రాళ్లు ఏరుతారు, కుండ అడుగు చెక్కతో తట్టి పూడుస్తారు, సారె మాత్రం ముట్టరు. నాయన సారెకు వెదురు ఆకులు (చక్రంలో అడ్డంగా ఉండే బద్దలు), అంచు చుట్టూ మట్టిలో మేక వెంట్రుకలు, కొబ్బరి పీచు కలిపి మెత్తిన బరువు. కింద రాతి గుంటలో చండ్ర కొయ్య మేకు. లేచి, వంగి, కట్టెతో గిరగిరా తిప్పి, గొంతు కూర్చుని కుండ లాగేవాడు. వేగం తగ్గితే మళ్లీ లేవాలి. అరవై దాటేసరికి ఆయన నడుము పోయింది.

కాలి సారె నేను మొదట చూసింది పుదుచ్చేరిలో. 1971లో రే మీకర్, డెబోరా స్మిత్ అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టినప్పటి నుంచి ఆ ఊళ్లో స్టూడియోలు పెరిగాయి. ఒక స్టూడియోలో అరగంట కూర్చోనిచ్చారు. కుర్చీలో కూర్చున్నట్టే కూర్చుని ఎడమ కాలితో కొయ్య బద్దను పక్కకు నెడుతుంటే చక్రం తిరుగుతోంది. ఆ రాత్రి బస్సులో నాకు నిద్ర పట్టలేదు.

ఫొటోలు పట్టుకుని మా పాతూరులో తలుపులు, ద్వారబంధాలు చేసే ఆచారి దగ్గరికి పోయాను. ఒకప్పుడు ఎద్దుల బండ్లు చేసిన చేయి ఆయనది. ఫొటో పక్కన పెట్టి, "కూర్చోమ్మా, కాలు చూపించు" అన్నారు. మోకాలి నుంచి మడమ దాకా, తుంటి నుంచి మోకాలి దాకా టేపు పెట్టి కొలిచారు. సారె కొలత నా కాలి నుంచి మొదలైంది. అందుకే ఎనిమిది నెలలైనా నాకు మోకాలి నొప్పి లేదు.

చట్రం వేప, బద్ద తుమ్మ. నిలువు ఇనుప ఇరుసు మధ్యలో మెలి తిరిగి ఉంటుంది. బద్దకూ ఆ మెలికకూ మధ్య తోలు పట్టీ. కాలు నెట్టినప్పుడల్లా పట్టీ మెలికను లాగుతుంది, ఇరుసు తిరుగుతుంది. కింద బరువు చక్రం ఆ ఊపును పట్టి ఉంచుతుంది. మెలిక పట్టీకి సూటిగా వచ్చిన చోట ఆగితే మాత్రం ఎంత నెట్టినా కదలదు. పై చక్రాన్ని చేత్తో కాస్త తోయాలి. మొదటి వారం ఇది తెలియక ఎంత టెన్షన్ పడ్డానో!

ఈ రకం చక్రాన్ని లోకమంతా లీచ్ చక్రం అంటారు. ఇంగ్లండ్ పడమటి కొసన సెయింట్ ఐవ్స్‌లో 1920లో షోజి హమాదతో కలిసి బెర్నార్డ్ లీచ్ కుండల శాల పెట్టాడు, పేరు ఆయనది. కానీ దాన్ని చేసిన చేతులు డైకన్ నాన్స్‌వి. ఆయన ఆ ఊళ్లోనే సోదరుడు రాబిన్‌తో కలిసి కుర్చీలు, బల్లలు చేసినవాడు. తర్వాత శిల్పి బార్బరా హెప్‌వర్త్ దగ్గర పనిచేశాడు. ఈ సంగతి చదివిన రోజు ఆచారికి చెప్పాను. "మా నాయన చేసిన బండ్లు కూడా అంతేనమ్మా, తోలినోడి పేరు మీదే పోయేవి" అన్నారు. నాకు చాలా బాధేసింది. మా నాయన సారెకు ఆకులు అమర్చింది ఎవరో నేనూ ఏనాడూ అడగలేదు.

లోపాలూ చెప్పాలి. నెలలో ఇస్తామన్నది మూడు నెలలైంది. నీళ్లు, పలుచటి మట్టి పడే తొట్టి ఒక మూల కారింది, రేకు మార్చి ఇచ్చారు. కింది బేరింగ్‌లోకి మట్టి దూరి కీచుమంది. ఇప్పుడు పైన తోలు తొడుగు వేశారు, పదిహేను రోజులకోసారి గ్రీజు పెడుతున్నా. నాలుగు కిలోలు దాటిన ముద్దను నడిమికి తేవడం నా వల్ల కావడం లేదు. బరువు కూడా ఎక్కువ, ఇద్దరు పట్టుకున్నా మేడ మీదికి ఎక్కదు.

మా తమ్ముడిది కరెంటు సారె. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018 నుంచి కుమ్మర్లకు ఇస్తున్న రకం. దీపావళికి వేల ప్రమిదలు చేయాలంటే అదే కావాలి, నేను కాదనను. నేను చేసేది పెండ్లిళ్లకు అరివేణి కుండలు, పెరుగు ముంతలు. మూతి పలుచన చేసేటప్పుడు కాలు ఆపేస్తాను, మిగిలిన ఊపుతోనే అంచు తేరుతుంది. కరెంటు పోయిందని పని ఆగదు. మోటారు రొద లేదు కాబట్టి తడి మట్టి వేళ్ల కింద జారే చప్పుడు కూడా వినిపిస్తుంది.

మొత్తం ఇరవై ఆరు వేలైంది, అందులో ఇరుసు తిప్పించిన లేత్ కూలికే నాలుగు వేలు. నేను ఇచ్చిన దాంట్లో ఆచారి కూలి తక్కువే పడింది. చేయించుకునేవాళ్లు బేరం ఆడొద్దని నా మనవి. సీటు కింద తన పేరు చెక్కమని ఆచారిని పట్టుబట్టాను. సిగ్గుపడి, ఉలితో ఒక్క అక్షరం చెక్కారు.

పోయిన వారం ధర్మవరం నుంచి నా స్నేహితురాలు వచ్చి తనకూ ఒకటి చేయమని చెప్పింది. తన కాలు నా కాలి కంటే రెండంగుళాలు పొడుగు. నా సారె కొలతలు రాసిన అట్టను పక్కన పడేసి, ఆచారి మళ్లీ టేపు తీశారు.