షుగరు మీటరు: చూసి కొనవలసింది స్ట్రిప్పునే

అనంతపురం సాయినగర్‌లోని ఒక మందుల దుకాణంలో మా నాన్నగారి కోసం కొన్న గ్లూకోమీటరుకు అర మైక్రోలీటరు రక్తం చాలు, ఐదు సెకన్లలో ఫలితం వస్తుంది, అంకెలు కళ్లద్దాలు లేకుండానే కనిపిస్తాయి. మీటరు గురించి ఇంతకు మించి చెప్పవలసింది లేదు. డబ్బు ఖర్చయ్యేదీ, జాగ్రత్త పడవలసిందీ రక్తపు చుక్క తాకించే స్ట్రిప్పుల దగ్గరే.

స్ట్రిప్పు కొనమీద ఎంజైము, ఎలక్ట్రాన్లను మోసే మధ్యవర్తి పదార్థం, కొన్ని లవణాలు ఎండిన పొరగా ఉంటాయి. రక్తం తగలగానే ఇవి కరిగి, ఎంజైము గ్లూకోజు నుంచి తీసుకున్న ఎలక్ట్రాన్లను మధ్యవర్తి ఎలక్ట్రోడుకు చేరవేస్తుంది. ఆ కరెంటునే మీటరు అంకెగా మారుస్తుంది. ఇందులో లవణాల పాత్ర చిన్నది కాదు. ద్రవంలో అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు) చాలకపోతే నిరోధం పెరిగి కరెంటు తగ్గుతుంది. ఆమ్ల, క్షార స్థాయిని (పీహెచ్) నిలకడగా ఉంచే ఫాస్ఫేటు వంటి బఫరు లేకపోతే అది అటూ ఇటూ అయి ఎంజైము వేగం మారుతుంది. స్ట్రిప్పుల్లో వాడే ఎంజైముల్లో ఒకటైన గ్లూకోజ్ ఆక్సిడేజు తటస్థ ద్రావణంలో రుణావేశంతో ఉంటుంది కనుక ఫెర్రిసయనైడు వంటి రుణావేశ మధ్యవర్తిని వికర్షిస్తుంది. చుట్టూ మూగిన లవణపు అయాన్లు ఆ వికర్షణను తగ్గించి రెండింటినీ దగ్గరకు రానిస్తాయి. అలాగని ఉప్పు ఎక్కువైతే మేలనుకోవడానికి లేదు, ఎందుకంటే ఆమ్ల ద్రావణంలో క్లోరైడు అదే ఎంజైమును అణచివేస్తుంది.

అందుకే, మీటరూ స్ట్రిప్పూ సరిగా పనిచేస్తున్నాయో లేదో చూసుకునే ద్రవం, అంటే కంట్రోల్ సొల్యూషన్ అడిగితే దుకాణదారు మరో కంపెనీ సీసా తీసి "ఏదైనా ఒకటే సార్" అనడం నాకు నచ్చలేదు. అది వట్టి చక్కెర నీళ్లు కాదు. లవణాలూ చిక్కదనమూ ఆయా స్ట్రిప్పుకు తగినట్టు కలిపినది. సరైన సీసా ఆలస్యంగా దొరికినా, దానితో వచ్చిన అంకె డబ్బామీద ముద్రించిన హద్దుల్లోనే ఉంది. ల్యాబు ఫలితంతో తేడా కూడా, డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు దాటిన రీడింగులకు షుగరు మీటర్ల కచ్చితత్వాన్ని నిర్ణయించే 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15197 అనుమతించే 15 శాతం లోపే వచ్చింది.

స్ట్రిప్పులను 30 డిగ్రీలు దాటనివ్వకూడదని డబ్బామీద ఉంది, మన ఊళ్లో మే నెల ఎండ 40 దాటుతుంది. ఫ్రిజ్‌లో పెడదామంటే బయటికి తీసినప్పుడు చెమ్మ పట్టి పొర ముందే కరిగే ప్రమాదముంది కనుక, మూత బిగించి లోపలి గదిలోని బీరువాలో ఉంచుతున్నాను. మూత తీశాక మూడు నెలలే గడువు. వారానికి రెండుసార్లు చూసుకునేవారికి 50 స్ట్రిప్పుల డబ్బా చవకని అంటగట్టినా, 25 డబ్బానే తీసుకోవడం మంచిది.