వైఫై 7 రౌటర్ వాడాక నా రివ్యూ: ఏడు సంగతి తర్వాత, ముందు 6 గిగాహెర్ట్జ్ ఉందో లేదో చూడండి

ఇంట్లో ట్రై బ్యాండ్ వైఫై 7 రౌటర్ పెట్టుకుని వాడుతున్నా, అంటే 2.4, 5, 6 గిగాహెర్ట్జ్ మూడూ ఉన్న రకం. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పేది ఏ కంపెనీ రౌటర్ కొన్నా దాదాపు ఇలాగే ఉంటుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ అదిరిపోయింది, వైఫై 7 కొత్తగా తెచ్చిన ఫీచర్లు మాత్రం ప్రస్తుతానికి అందరికీ అందేవి కావు.

వైఫై 7 అసలు పేరు 802.11బీఈ. వైఫై కంపెనీల సంఘమైన వైఫై అలయన్స్ 2024 జనవరిలో సర్టిఫికేషన్ మొదలుపెట్టింది, ప్రమాణాలు తయారుచేసే ఐఈఈఈ ఆమోదం అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చింది. వైఫై 6 తో పోలిస్తే ఛానల్ (డేటా పోయే దారి) వెడల్పు 160 నుంచి 320 మెగాహెర్ట్జ్‌కి పెరిగింది, ఒక్కో సింబల్‌లో (అంటే రేడియో సిగ్నల్ ఒక్కో విడతలో) 10 బిట్లు పోయేచోట 12 పోతాయి (దీన్నే 4కే క్యూఏఎం అంటారు), ఇంకా ఎంఎల్ఓ అని రెండు మూడు బ్యాండ్లని కలిపి వాడుకునే పద్ధతి ఒకటి. చదవడానికి భలే ఉంటుంది, 46 జీబీపీఎస్ అని కూడా రాస్తారు, అది 16 స్ట్రీమ్‌లు (ఒకేసారి పక్కపక్కనే పోయే డేటా ప్రవాహాలు) వేసుకుని కట్టిన లెక్క, మన ఫోన్లలో ఉండేవి 2 స్ట్రీమ్‌లు.

320 మెగాహెర్ట్జ్ ఛానల్ 6 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే దొరుకుతుంది, పైగా ఫోన్ కూడా సపోర్ట్ చెయ్యాలి. ఐఫోన్ 16 ప్రో చూడండి, వైఫై 7 ఉంది కానీ 160 దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు లింక్ స్పీడ్ (రౌటర్‌కీ ఫోన్‌కీ మధ్య కాగితం మీద ఉండే స్పీడ్) గరిష్ఠంగా 2882 ఎంబీపీఎస్, ఇదే 160 మీద వైఫై 6 అయితే 2402. అంటే పెరిగింది 20 శాతం, అది కూడా రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుంటే, ఎందుకంటే 4కే క్యూఏఎంకి సిగ్నల్ చాలా క్లీన్‌గా ఉండాలి, కాస్త దూరం జరిగితే చాలు పాత లెవెల్‌కి దిగిపోతుంది. గెలాక్సీ ఎస్24 అల్ట్రా లాంటి 320 సపోర్ట్ ఉన్న ఫోన్ అయితే 5764 దాకా లింక్ వస్తుంది, తేడా అక్కడ నిజంగా తెలుస్తుంది.

ఎంఎల్ఓ మీద నాకు చాలా ఆశ ఉండేది. రెండు బ్యాండ్ల స్పీడ్ కలిసి వస్తుందని చాలామంది అనుకుంటారు, కానీ ఇప్పుడున్న ఫోన్లు, ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ శాతం ఒకేసారి రెండు బ్యాండ్లలో డేటా పంపవు, రెండింటి మీదా ఓ కన్నేసి ఉంచి ఏది ఖాళీగా ఉంటే దాని మీదకి చకచకా మారతాయి అంతే. కాల్స్‌లో, గేమ్స్‌లో ఆగకుండా ఉండటానికి ఇది పనికొస్తుంది, స్పీడ్ టెస్ట్‌లో మాత్రం కనపడదు. విండోస్ ల్యాప్‌టాప్ అయితే వైఫై 7 కార్డు ఒక్కటే చాలదు, విండోస్ 11 లో 24హెచ్2 వెర్షన్ ఉండాలి. ఎంఎల్ఓ బాగా పనికొచ్చేది మెష్ (ఇల్లంతా సిగ్నల్ అందడానికి ఒకటికి మించి రౌటర్లు కలిపి పెట్టడం) వాడేవాళ్లకి, రెండు రౌటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లింక్ గట్టిగా నిలబడుతుంది.

ఇక 6 గిగాహెర్ట్జ్. అపార్ట్‌మెంట్లలో 2.4, 5 బ్యాండ్లు సంతలో మాట్లాడుకున్నట్టు ఉంటాయి, చుట్టుపక్కల రౌటర్లన్నీ ఒకదాని మీద ఒకటి అరుస్తుంటాయి. 6 లోకి వైఫై 6 ఈ (6 గిగాహెర్ట్జ్ కూడా ఉన్న వైఫై 6) లేదా 7 ఉన్న డివైస్‌లు తప్ప పాతవి రాలేవు, అందుకే ప్రశాంతంగా ఉంటుంది. ఇంకో సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు, 5 గిగాహెర్ట్జ్‌లో 160 వెడల్పు పెడితే అది చాలావరకు రాడార్లు వాడే ఫ్రీక్వెన్సీల మీద పడుతుంది, రాడార్ సిగ్నల్ కనపడితే రౌటర్ వెంటనే ఆ ఛానల్ ఖాళీ చేసి పోవాలి, మనకి ఉన్నట్టుండి కనెక్షన్ కట్ అయినట్టు ఉంటుంది. 6 లో ఆ గొడవే లేదు. నాకు వీడియో కాల్స్ స్థిరంగా ఉన్నది దీనివల్లే అని గట్టిగా చెప్తా. లోపం ఏంటంటే గోడలు. ఒక కాంక్రీట్ గోడ దాటేసరికి బాగా తగ్గిపోతుంది, రెండోది దాటితే ఫోన్ తనే 5 కి వెళ్లిపోతుంది.

ఇది దేశాన్ని బట్టి కూడా మారుతుంది. అమెరికాలో ఈ బ్యాండ్‌లో 1200 మెగాహెర్ట్జ్ ఇచ్చారు కాబట్టి ఒకదాని మీద ఒకటి పడని 320 ఛానల్స్ మూడు వస్తాయి, యూరప్‌లో 480 మాత్రమే కాబట్టి ఒక్కటే.

అందుకే డబ్బా మీద వైఫై 7 అని చూసి కొనేయకండి ప్లీజ్. డ్యూయల్ బ్యాండ్ వైఫై 7 రౌటర్లు బోలెడు అమ్ముతున్నారు, వాటిలో 6 గిగాహెర్ట్జ్ అసలు ఉండదు, కాబట్టి 320 కూడా ఉండదు. డబ్బా మీద రాసే బీఈ3600 అంటే 2.4 లో 688, 5 లో 2882, ఈ రెండూ కలిపి పైకి రౌండ్ చేసిన అంకె, ఒక్క ఫోన్‌కి అంత రాదు. ఇది నాకు నిజంగా నచ్చని విషయం, కొనేవాడికి స్పష్టంగా తెలిసేలా ముందు వైపే రాయాలి.

సెటప్‌లో ఇబ్బంది వచ్చేది డబ్ల్యూపీఏ3 తో, అంటే వైఫై భద్రతకి వాడే కొత్త పద్ధతితో. 6 గిగాహెర్ట్జ్‌కి, ఎంఎల్ఓకి అది తప్పనిసరి, పాత ప్రింటర్లు, స్మార్ట్ బల్బులు దానికి కనెక్ట్ అవ్వవు. వాటికి 2.4 లో పాత పద్ధతి డబ్ల్యూపీఏ2 తో వేరే పేరు పెట్టి నెట్‌వర్క్ ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుంది, నేను అలాగే చేశా.

మరి మార్చాలా అంటే, మీ ఇంటర్నెట్ ప్లాన్ 300 ఎంబీపీఎస్ అయి, వైఫై 6 రౌటర్ ఉండి, ఇంట్లో ఎక్కడా ఆగట్లేదంటే ముట్టుకోకండి. వైఫై 6 లో 80 వెడల్పుతోనే 1201 లింక్ వస్తుంది, అందులో సగం చేతికొచ్చినా మీ ప్లాన్‌కి మించే ఉంటుంది. చివరి గదికి సిగ్నల్ రాకపోవడమే సమస్య అయితే కొత్త స్టాండర్డ్ తెచ్చినా ఎక్కడి గొంగళి అక్కడే, అక్కడిదాకా ఒక లాన్ కేబుల్ లాగి రెండో యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) పెట్టండి. వైఫై 5 లేదా అంతకన్నా పాత రౌటర్ ఉండి, చుట్టూ నెట్‌వర్క్‌లు కిక్కిరిసి, మీ దగ్గర 6 గిగాహెర్ట్జ్ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఇప్పటికే ఉంటే మాత్రం ట్రై బ్యాండ్ తీసుకోండి, కొనేముందు 2.5 గిగాబిట్ పోర్టులు కనీసం రెండు ఉన్నాయో లేదో చూసుకోండి, 1 గిగాబిట్ పోర్టే ఉంటే ఇంట్లోనే ఉన్న నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించిన స్టోరేజ్ పెట్టె) నుంచి ఫైల్ కాపీ చేసినా స్పీడ్ 1 గిగాబిట్ దగ్గరే ఆగిపోతుంది. వైఫై 6 ఈ ఉన్నవాళ్లు మీ రౌటర్ పాడయ్యేదాకా హాయిగా వాడుకోండి.