85 సెంటీమీటర్ల అస్థిపంజరం మోడల్: మెడిసిన్ మొదటి ఏడాదివాళ్ళు కొనొచ్చా?

విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో దొరికే ఈ ప్లాస్టిక్ మోడల్ హాస్టల్ టేబుల్ మీద సరిపోతుంది. వెన్నెముక చాలా బాగా చేశారు. మెడలో 7, వీపులో 12, నడుములో 5 పూసలు వేలు పెట్టి లెక్కపెట్టొచ్చు. నరాలు బయటికొచ్చే సందులూ కనిపిస్తాయి. ఎల్4, ఎల్5 (నడుములో నాలుగో, ఐదో పూసలు) మధ్య డిస్కు జారితే కాల్లోకి నొప్పి ఎందుకు దిగుతుందో ఇక్కడే అర్థమైపోతుంది.

మణికట్టు మాత్రం నిరాశే. 8 ఎముకలూ కలిపి ఒకే ముద్దగా పోశారు. స్కాఫాయిడ్ ఏదో, లూనేట్ ఏదో తెలీదు. వైవాలో (నోటి పరీక్షలో) వదలకుండా అడిగేవి అవే. వాటికి కాలేజీలో అసలు ఎముకలు పట్టుకుని చూడాల్సిందే.

డబ్బులిచ్చే ముందు కాలర్ బోన్ చూడండి. ఛాతీ వైపు సగం ముందుకి ఉబ్బి ఉండాలి. వెనక్కి ఉబ్బి ఉంటే కుడి ఎడమలు మార్చి బిగించినట్టే, అలాగే నేర్చుకుంటే తప్పే తలకెక్కుతుంది. ఫిబ్యులా (మోకాలి కింద ఉండే సన్న ఎముక) కాలికి బయటివైపు ఉందో లేదో కూడా చూసుకోండి.

పేర్లు నేరుగా పెన్నుతో రాయకండి, ప్లాస్టిక్ మరక పట్టేస్తుంది. మాస్కింగ్ టేప్ ముక్క అంటించి రాయండి. మన విశాఖ ఉప్పుగాలికి దవడ స్ప్రింగులు తుప్పు పడతాయి, అప్పుడప్పుడు ఒక చుక్క కుట్టుమిషను నూనె వేస్తే చాలు.