అమ్మానాన్నలకి విజిటర్ ఇన్సూరెన్స్: నాలుగుసార్లు కొన్నాక నా అనుభవం

గుంటూరు నుంచి అమ్మానాన్నలు డాలస్‌లో మా ఇంటికి 2013 నుంచి నాలుగుసార్లు వచ్చారు. విజిటర్ వీసాకి ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు కాబట్టి ప్రతిసారీ నాన్న మాట ఒకటే: "ఎందుకమ్మా దండగ?" అయినా ప్రతిసారీ కొన్నాను.

మొదటిసారి ధర తక్కువని ఫిక్స్‌డ్ బెనిఫిట్ పాలసీ తీసుకున్నాను. యాభై వేల డాలర్ల కవరేజీ అని పైన పెద్ద అక్షరాలతో ఉంది. ఎమర్జెన్సీకి ఇంతే, ఎక్స్‌రేకి ఇంతే ఇస్తాం అని లోపల ఒక పట్టిక ఉంది. అది నేను చదవలేదు. అమ్మ బాత్‌రూమ్‌లో జారిపడితే మణికట్టు ఎముక విరిగింది. మాకు ఎక్కడ ఖర్చవుతుందోనని రాత్రంతా నొప్పి ఓర్చుకుని తెల్లారాక చెప్పింది. బిల్లు 6,800 డాలర్లు వస్తే పాలసీ ఇచ్చింది 1,100.

అప్పటి నుంచి, పట్టిక ప్రకారం కాకుండా బిల్లులో శాతం లెక్కన ఇచ్చే కాంప్రిహెన్సివ్ పాలసీయే తీసుకుంటున్నాను. ప్రీమియం రెట్టింపు కన్నా ఎక్కువే. 2019లో తీసుకున్నదానికి డిడక్టబుల్, అంటే ముందు మన జేబు నుంచి కట్టాల్సింది, 250 డాలర్లు. ఆ తర్వాత కంపెనీతో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్ ఆస్పత్రిలో మొదటి 5,000లో 80 శాతం, ఆపైన పరిమితి వరకు మొత్తం కంపెనీదే.

ఆ ఏడాది ఒక రాత్రి నాన్న నన్ను లేపారు. ఛాతీలో నొప్పి. "ఇన్సూరెన్స్ ఉంది కదమ్మా, వెళ్దామా?" అన్నారు. డబ్బు విషయంలో అంత మొహమాటపడే మనిషి నొప్పి దాచకుండా చెప్పారంటే, కట్టిన ప్రీమియం నాకు అక్కడే గిట్టుబాటైంది. రెండు రాత్రులు ఆస్పత్రిలో ఉంచి, పరీక్షలన్నీ చేసి పంపారు. బిల్లు 31,000 డాలర్లు దాటింది.

క్లెయిమ్ మాత్రం సులువుగా తేలలేదు. నాన్నకి పదిహేనేళ్లుగా బీపీ ఉంది, కాబట్టి ఇది పాత జబ్బేనని కంపెనీ మొదట తిరస్కరించింది. గుంటూరు డాక్టరుగారి దగ్గర పాత చీటీలు, ఆస్పత్రి నుంచి ఒక్కో ఖర్చూ విడిగా చూపే ఐటమైజ్డ్ బిల్లులు తెప్పించి అప్పీలు చేశాను. పాత జబ్బు ఉన్నట్టుండి తిరగబెడితే కవర్ చేసే "అక్యూట్ ఆన్‌సెట్" క్లాజు మమ్మల్ని కాపాడింది. దానికి షరతు ఏమిటంటే, ముందస్తు సూచన లేకుండా రావాలి, 24 గంటల లోపు వైద్యానికి వెళ్లాలి. నొప్పి ఎప్పుడు మొదలైందో ఎమర్జెన్సీలో రాసుకున్నారు, అదే సాక్ష్యమైంది. ఐదు నెలల తర్వాత డబ్బు వచ్చింది. మా చేతి నుంచి పోయింది 1,250. ఆ ఐదు నెలల టెన్షన్ మాత్రం మాటల్లో చెప్పలేను. తర్వాతి చెకప్‌లు, రోజువారీ మందులు ఈ క్లాజు కిందకి రావు. అందుకే ఆరు నెలల మందులు ఇంటి నుంచే తెచ్చుకోమంటాను.

ఎవాక్యుయేషన్, అంటే రోగిని వేరేచోటికి తరలించే కవరేజీ గురించి నేనూ పొరబడ్డాను. డిశ్చార్జి అయ్యాక నాన్న ఇంటికి వెళ్లిపోతానన్నారు. పాలసీలో ఆ కవరేజీ ఉందిగా అని ఫోన్ చేశాను. ఉన్నచోట తగిన వైద్యం దొరకనప్పుడు, దొరికే దగ్గరి ఆస్పత్రికి చేర్చడానికే అది పనికొస్తుందట. డాలస్‌లో ఆస్పత్రులకి కొదవలేదు కాబట్టి మాకు వర్తించలేదు. డాక్టరు దగ్గర ప్రయాణానికి ఫిట్ అని ఉత్తరం తీసుకుని, టికెట్లు మార్చి, వీల్‌చైర్ పెట్టించి మా ఖర్చుతోనే పంపాం. 2024లో అందరం అలాస్కా క్రూజ్‌కి వెళ్లినప్పుడు మాత్రం ఈ కవరేజీ చూసే పాలసీ కొన్నాను. ఓడలో చిన్న క్లినిక్ తప్ప ఇంకేం ఉండదు. అయితే ముందు కంపెనీ సహాయ నంబరుకి ఫోన్ చేయాలి. వాళ్లు ఏర్పాటు చేయకుండా మనమే హెలికాప్టర్ మాట్లాడుకుంటే డబ్బు రాదు.

పార్థివదేహాన్ని ఊరికి చేర్చే ఖర్చు కూడా ఈ పాలసీల్లోనే ఉంటుంది. ఇంట్లో ఎవరూ ఎత్తని మాట ఇది. కానీ ఆ కవరేజీ లేక మనవాళ్లు విరాళాలు పోగుచేయాల్సి రావడం చూశాను. ఆ అంకె తప్పక చూడండి.

నాన్నకిప్పుడు 74. డెబ్భై దాటితే చాలా పాలసీల్లో అక్యూట్ ఆన్‌సెట్ పరిమితి బాగా తగ్గుతుంది, కొన్నిటిలో ఉండనే ఉండదు. వచ్చే వేసవికి కొనేముందు మొత్తం కవరేజీ కన్నా ముందు ఆ ఒక్క అంకె వెతుకుతున్నాను. అది దొరికితే, డిడక్టబుల్ 500 పెట్టుకోవడానికి కూడా నేను సిద్ధమే.