సాగర్ బ్యాక్ వాటర్‌లో ఈత: గాలి బుడగ, థర్మామీటర్ ఏళ్ల తరబడి వాడాక

ఈతగాళ్లు నడుముకు కట్టుకుని వెంట లాక్కెళ్లే నారింజ రంగు గాలి బుడగ ఒకటి, నీళ్లమీద తేలే చిన్న థర్మామీటర్ ఒకటి. రెండూ ఆన్‌లైన్‌లో కొన్నవే, రెండూ పేరున్న కంపెనీలవి కావు. నేరెడుగొమ్ము దాటి వైజాగ్ కాలనీ వైపు నాగార్జునసాగర్ బ్యాక్ వాటర్‌లో దిగినప్పుడల్లా ఈ రెండింటితోనే దిగుతున్నాను. బుడగకు ఐదుకు నాలుగు మార్కులు, థర్మామీటర్‌కు ఐదుకు ఐదు.

థర్మామీటర్ సంగతి ముందు చెప్తాను. కొత్తలో నిండా మంచు ముక్కలు, కాసిన్ని నీళ్లు ఉన్న గ్లాసులో కాసేపు పెట్టి చూడండి, సున్నా చూపించాలి. నాది ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తుంది, అది తీసేసి లెక్క వేసుకుంటాను. పైనీళ్ల వేడి ఒక్కటే చూసి దిగితే సగమే తెలుస్తుంది. లోతు సంగతి కూడా తెలియాలంటే వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసాలో థర్మామీటర్ వేసి, అడుగున రాయి కట్టి తాడుతో దింపాలి. ఐదు నిమిషాలు ఆగి చకచకా లాగితే సీసాలో ఆ లోతు నీళ్లే ఉంటాయి కాబట్టి అంకె పెద్దగా మారదు. ఊరికే తాడుకు కట్టి లాగితే పైకొచ్చేలోపే ఎర్రగీత ఎక్కేస్తుంది.

మే నెల సాయంత్రం ఒడ్డు దగ్గర 32 దాటుతుంది. రెండు నిలువుల లోతున 29. ఓపెన్ వాటర్ ఈత పోటీలకు అంతర్జాతీయ నిబంధనల్లో నీళ్ల వేడి 16 నుంచి 31 డిగ్రీల మధ్యే ఉండాలి. అంటే మన ఎండాకాలపు నీళ్లు పోటీలు పెట్టే హద్దు కూడా దాటేస్తాయి. నీళ్లలో ఉన్నాం కదా, వడదెబ్బ ఏముంటుంది అనుకుంటారు. గోరువెచ్చని నీళ్లలో గట్టిగా ఈదితే ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోదు, చెమట పట్టినా తెలియదు. తల దిమ్ముగా అనిపించిందంటే వెంటనే ఒడ్డు చేరాలి. అందుకే మేలో నేను తెల్లవారాకే దిగుతాను, ఎండ ముదిరేలోపు బయట ఉంటాను. పైగా మధ్యాహ్నం దాటితే ఈదురుగాలి లేస్తుంది, అంత వెడల్పు నీళ్లమీద అలలు మొహానికి కొడతాయి.

జనవరిలో కథ వేరు. తెల్లవారుజామున గాలి 14 డిగ్రీలుంటే నీళ్లు 23, 24 చూపిస్తాయి. నీళ్లమీద పొగలు లేస్తుంటాయి, దిగగానే హాయిగా ఉంటుంది. ఆ హాయిని నమ్మొద్దు. గాలికంటే నీళ్లు ఒంటి వేడిని ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తాయి. నాలాంటి సన్నటి మనిషికి ముప్పావు గంట దాటితే వేళ్లు దగ్గరికి రావు, బుడగ క్లిప్పు ఊడదీయడమే కష్టమవుతుంది. ఒడ్డున పొడి తువ్వాలు, చొక్కా ముందే మడత విప్పి పెట్టుకోవాలి. శివరాత్రికి ఏలేశ్వరం గట్టు జాతర నాటికి పగటి ఎండ చురుక్కుమంటుంది కానీ నీళ్లు ఇంకా 25, 26 దగ్గరే ఉంటాయి. ఇంత పెద్ద జలాశయం వేడెక్కడానికి వారాలు పడుతుంది.

అంకె చూస్తే అన్నిటికంటే హాయైనది ఆగస్టు, సెప్టెంబరు: 27, 28. నేను అస్సలు దిగని కాలం కూడా అదే. సాగర్ పూర్తి నీటి మట్టం సముద్ర మట్టానికి 590 అడుగులు. ఎండాకాలంలో నీళ్లు 510 వైపు దిగుతాయి, మైళ్ల కొద్దీ నేల బయటపడుతుంది, ఆ నేలమీద సర్కారు తుమ్మ మొలుస్తుంది. శ్రీశైలం గేట్లెత్తితే ఆ ముళ్లకంప మీదికే ఎర్రనీళ్లు ఎక్కుతాయి. మూరెడు లోతులో చెయ్యి కనిపించదు. నిరుడు నడిచిన దారి ఈసారి రెండు నిలువుల కింద ఉంటుంది. దానికి తోడు కొత్తగా నానిన ఒండ్రులో మోకాలి దాకా దిగబడతాం. థర్మామీటర్ ఇవేవీ చెప్పదు. రోజూ పేపర్లో వచ్చే మట్టం అంకె చూసుకోండి, పెరుగుతుంటే ఆగిపోండి.

కరెంటు ప్లాంటు నీళ్లు కదా, వేడిగా ఉంటాయా అని చాలామంది అడిగారు. థర్మల్ ప్లాంటులో టర్బైన్ తిప్పిన ఆవిరిని చల్లార్చే నీళ్లు వేడెక్కుతాయి. సాగర్‌లో నీళ్ల ఒత్తిడే టర్బైన్‌ను తిప్పుతుంది, వేడి కలిసే చోటే లేదు. పైగా జలాశయం లోతు నుంచి నీళ్లు తీసుకుంటారు కాబట్టి ఎండాకాలంలో డ్యాం దిగువ నీళ్లు బ్యాక్ వాటర్ కంటే చల్లగా తగులుతాయి. ఆ చల్లదనం చూసి అక్కడ దిగేవాళ్లుంటారు, దయచేసి వద్దు. ప్రధాన కేంద్రంలో ఎనిమిది యూనిట్లు, మొత్తం 815.6 మెగావాట్లు. ఒకటి తప్ప మిగతా ఏడూ రెండు వైపులా తిరిగేవి, డ్యాం దిగువ చిన్న జలాశయం (టెయిల్ పాండ్) నీళ్లను తిరిగి పైకి తోడగలవు. గ్రిడ్‌కు ఎప్పుడు అవసరమైతే అప్పుడు నిమిషాల్లో నడుస్తాయి, ఆగుతాయి. నిశ్చలంగా ఉన్న రాళ్ల మధ్య నీళ్లు చూస్తుండగానే పెరుగుతాయి. డ్యాం, పవర్ హౌస్ చుట్టుపక్కల ప్రవేశం నిషేధించింది ఊరికే కాదు.

ఇక బుడగ. దీని అసలు లాభం తేలడం కాదు, కనబడటం. చేపల మరబోట్లు నడిపేవాళ్లకు నీళ్లలో మనిషి తల కొబ్బరికాయంతే కనిపిస్తుంది. నారింజ బుడగ కట్టాక దూరం నుంచే పక్కకు తిప్పుకుంటున్నారు. "అన్నా, ఆ సీసాలున్నవైపు పోకు, వలేసినం" అని కేకేసి చెప్పేది కూడా బుడగ చూసే. ఖాళీ నీళ్ల సీసాలు, థర్మాకోల్ ముక్కలు వరసగా తేలుతుంటే కింద వల ఉన్నట్టే, కాలు చిక్కుకుంటే విడిపించుకోవడం చాలా కష్టం. సాగర్‌లో మొసళ్లున్నాయి కాబట్టి రెల్లు, పొదలున్న మూలలకు, పొద్దుగూకాక నీళ్లకు దూరంగా ఉండాలి. దిగేముందు ఎటు ఈదాలో జాలర్లనే అడుగుతాను.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, రెండో ఎండాకాలానికే రంగు వెలిసింది, గాలి మూత దగ్గర అతుకు లేచింది. నిండా గాలి ఊది ఎండలో రాతిమీద పెడితే గాలి వ్యాకోచించి బిర్రబిగుస్తుంది, అతుకులు అక్కడే పోతాయి. కాస్త మెత్తగా ఊది నీళ్లలోకి దిగాలి. రెండు గదులున్నదే కొనండి, ఒకటి పోయినా రెండోది ఉంటుంది. ఇది లైఫ్ జాకెట్ కాదని దానిమీదే రాసి ఉంది. ఈత రాని పిల్లాడికి కట్టి వదలకండి, వాళ్లకు ఒంటికి సరిపోయే జాకెట్టు, చెయ్యి అందే దూరంలో పెద్దమనిషి, రెండూ ఉండాల్సిందే.

మిర్యాలగూడ వైపు నుంచి ఎడమ కాలువలో వాడొచ్చా అని అడుగుతున్నారు. వాడొద్దు. కాలువ గోడలు ఏటవాలు కాంక్రీటు, పాచి పట్టి ఉంటాయి, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ప్రవాహంలో వెనక తాడుతో బుడగ ఉంటే తూము కమ్మీలకో, కంపకో చుట్టుకుని మనిషిని అక్కడే పట్టేస్తుంది.