ఎక్స్‌ప్లిసిట్ ఫిల్టర్: బూతు దొరుకుతుంది, నెత్తురు జారిపోతుంది

పాటల యాప్‌లలో ఉండే ఎక్స్‌ప్లిసిట్ ఫిల్టర్, అంటే పిల్లలకు తగని ఘాటైన పాటలను ఆపే స్విచ్, పిల్లల చెవిన బూతు పడకుండా బాగానే కాస్తుంది. హింస పడకుండా కాయడం మాత్రం దాని వల్ల కాదు. ఈ రెండూ ఒకటే అనుకుని, స్విచ్ వేసేసి నిశ్చింతగా ఉండే తల్లిదండ్రులే ఎక్కువ. మార్కులు వేయాల్సి వస్తే బూతు విషయంలో ఐదింటికి నాలుగు, హింస విషయంలో ఒకటి. ఆ ఒకటి కూడా, బూతూ హింసా కలిసి ఉన్న పాటలు ఎటూ ఆగిపోతాయి గనక.

ఇంత తేడా ఎందుకో తెలియాలంటే లోపల జరిగేది చూడాలి. ఫిల్టర్ పాట వినదు. పాటను పంపిణీ సంస్థ ద్వారా యాప్‌లకు ఎక్కించేటప్పుడు, పేరూ గాయకుల వివరాలతో పాటు ఒక గడి నింపాలి. అందులో మామూలుగా మూడు ఎంపికలుంటాయి: ఎక్స్‌ప్లిసిట్, ఎక్స్‌ప్లిసిట్ కాదు, క్లీన్. క్లీన్ అంటే ఘాటైన అసలు పాటకు కత్తిరింపు వెర్షన్ అని అర్థం. మొదటిది ఎంచుకుంటే పాట పేరు పక్కన ఇంగ్లీషు 'ఈ' అక్షరం చిన్న డబ్బాలో కనిపిస్తుంది. ఫిల్టర్ చూసేది ఆ గుర్తునే. నింపేది పాట హక్కుదారు, అంటే అమ్ముకునేవాడే. పెద్ద కంపెనీలు ఈ పని శ్రద్ధగా చేస్తాయి. సొంతంగా పాటలు ఎక్కించేవాళ్లు, వేరేవాళ్ల పాటలు మళ్లీ పాడేవాళ్లు, వేగం పెంచి మళ్లీ ఎక్కించేవాళ్లు చాలామంది ఆ గడిని పట్టించుకోరు. ఇంగ్లీషు కాని భాషల్లోనైతే గుర్తు ఉండాల్సిన పాటకు లేకపోవడం మామూలే.

ఈ గుర్తుకు మూలం 1985 నాటి అమెరికా. రాజకీయ నాయకుల భార్యలైన టిప్పర్ గోర్, సూసన్ బేకర్ తదితరులు పెట్టిన పేరెంట్స్ మ్యూజిక్ రిసోర్స్ సెంటర్ ఒత్తిడితో ఆ ఏడాది సెప్టెంబరులో సెనేట్ కమిటీ విచారణ జరిపింది. సంగీతకారులు ఫ్రాంక్ జప్పా, జాన్ డెన్వర్, డీ స్నైడర్ వచ్చి, పాటలకు హెచ్చరిక లేబుల్ వేయాలన్న ఆలోచనను ఎదిరించారు. కొద్ది వారాలకే రికార్డింగ్ కంపెనీల సంఘం హెచ్చరిక వేయడానికి ఒప్పుకుంది. ఇప్పుడు అందరికీ తెలిసిన నలుపు తెలుపు పేరెంటల్ అడ్వైజరీ ముద్ర 1990లో ఖాయమైంది. ఆ సంఘం మార్గదర్శకాల్లో ఘాటు భాషతో పాటు హింస, శృంగారం, మత్తు పదార్థాల వర్ణన కూడా ఉన్నాయి. కాగితం మీద హింసకు చోటుందన్నమాట. కానీ ఎంత ఉంటే ఎక్కువ అనేది కంపెనీ విచక్షణకే వదిలేశారు. సినిమాలకున్నట్టు వయసు మెట్లు లేవు. చిక్కంతా ఇక్కడే. బూతు మాటను వేలు పెట్టి చూపించవచ్చు, లెక్కపెట్టవచ్చు. హింస అలా దొరకదు. ఒక్క తిట్టూ లేకుండా, తియ్యటి గొంతుతో, ప్రియురాలిని ఏటి ఒడ్డుకు తీసుకెళ్లి చంపిన కథ పాడితే ఏ గుర్తూ పడదు. ఇంగ్లీషు జానపదంలో ఇలాంటి హత్యా గాథలు ఒక పెద్ద సంప్రదాయం. అవన్నీ ఫిల్టర్ కింద నుంచి హాయిగా నడిచిపోతాయి.

క్లీన్ వెర్షన్ల కథా ఇదే. మాటను మూగ చేస్తారు, తిరగేసి వినిపిస్తారు, దాని మీద ఏదో శబ్దం వేస్తారు, లేదా గాయకుడి చేత వేరే మాట పాడించి అతికిస్తారు. తీసేది ఎక్కువగా తిట్టునే. 'పొడిచేస్తా' అన్న వాక్యంలో తిట్టు మూగబోయి, పొడవడం అలాగే మిగిలిపోవడం సర్వసాధారణం. రేడియో కోసం కత్తిరించిన కొన్ని వెర్షన్లలో తుపాకీ మాటలు కూడా పోతాయి గానీ దానికి ఒక నియమమంటూ లేదు.

ఇక స్విచ్ ఎక్కడుందో చూద్దాం. స్పాటిఫైలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎక్స్‌ప్లిసిట్ కంటెంట్‌ను అనుమతించే మీట ఆపేస్తే గుర్తున్న పాటలు మసకబారి, నొక్కినా మోగవు. పిల్లవాడు అదే దారిలో వెళ్లి మళ్లీ వేసుకోగలడు కాబట్టి ఇదొక్కటే చాలదు. ఫ్యామిలీ ప్లాన్ ఉంటే నిర్వాహకుడి ఖాతా పేజీ నుంచి ఆ సభ్యుడికి ఆపాలి. అప్పుడే తాళం వేసినట్టు. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ తెరిచి, కంటెంట్ అండ్ ప్రైవసీ రిస్ట్రిక్షన్స్ ఆన్ చేసి, అందులో సంగీతానికి క్లీన్ ఎంచుకోవాలి. స్క్రీన్ టైమ్‌కు వేరే పాస్‌కోడ్ పెట్టుకోకపోతే ఈ శ్రమంతా వృథా. ఫోన్ తెరిచే పాస్‌కోడ్‌నే పెడితే మరీ వృథా, పిల్లలకు అది ఎప్పుడో తెలుసు. యూట్యూబ్‌లో రెస్ట్రిక్టెడ్ మోడ్ వేరే జాతి. అది శీర్షిక, వివరణ, వయసు పరిమితి లాంటి సంకేతాలు చూసి వీడియోలు దాస్తుంది, కామెంట్లు కూడా దాస్తుంది. ఆ పరికరానికో బ్రౌజర్‌కో మాత్రమే వర్తిస్తుంది. ఫోన్‌లో వేసి టీవీలో మర్చిపోతే టీవీలో ఏదీ ఆగదు. మాటతో నడిచే స్పీకర్లకు సెట్టింగ్ విడిగా ఉంటుంది, దాన్నీ వెతికి వేయాలి. ఏ యాప్ అయినా సరే, ఒక పరికరంలో మార్చాక మిగతావన్నీ ఒక్కొక్కటిగా తెరిచి చూడడం తప్పదు.

వేశాక పరీక్షించండి, ఇరవై నిమిషాల పని. ఇరవై పాటలతో ఒక ప్లేలిస్ట్ కట్టండి: గుర్తున్నవి ఐదు, వాటి క్లీన్ వెర్షన్లు ఐదు, తిట్లు లేకుండా నరకడం చంపడం ఉన్నవి ఐదు, ఇంట్లో మాట్లాడే భాషలో ఘాటైనవి ఐదు. ఫిల్టర్ వేసి వరసగా నొక్కుకుంటూ పోండి. మొదటి ఐదూ ఆగాలి. ఆగకపోతే సెట్టింగ్ ఆ పరికరానికి చేరలేదని అర్థం, యాప్ మూసి తెరిచి మళ్లీ చూడాలి. క్లీన్ వెర్షన్ మోగాలి, కాకపోతే దాన్ని విడిగా వెతికి జాబితాలో పెట్టుకోవాల్సి రావచ్చు. మూడో ఐదు దాదాపు అన్నీ మోగుతాయి. నాలుగో ఐదులో ఎన్ని మోగుతాయో అదే మీ ఇంట్లో ఈ ఫిల్టర్ అసలు విలువ.

ఇంత కట్టడి అవసరమా, హింస పాటలు నిజంగా కుర్రాళ్లను చెడగొడతాయా అంటే, పరిశోధన చెప్పేది నినాదానికి పనికొచ్చేంత సూటిగా లేదు. 2003లో మనస్తత్వవేత్త క్రెయిగ్ ఆండర్సన్ బృందం ఐదు ప్రయోగాల్లో ఐదు వందల మందికి పైగా కాలేజీ విద్యార్థులకు హింసాత్మక, హింస లేని పాటలు వినిపించింది. విన్నాక, అక్షరం ఖాళీగా ఉన్న ఇంగ్లీషు మాటలు ఇచ్చి నింపమంది. ఒక అక్షరం పెడితే 'కొట్టు' అవుతుంది, ఇంకో అక్షరం పెడితే 'టోపీ' అవుతుంది. హింస పాట విన్నవాళ్లు దూకుడు వైపు కాస్త ఎక్కువ మొగ్గారు. వాళ్లలో శత్రుభావమూ పెరిగింది. కానీ ప్రయోగం కొలిచింది ఆలోచననూ భావాన్నే. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. ఈ ప్రభావం కొద్దిసేపటిదే కావచ్చని ఆ పరిశోధకులే రాశారు. 2006లో ఫిషర్, గ్రైటెమేయర్ అనే పరిశోధకులు మరో అడుగు వేసి, స్త్రీలను కించపరిచే పాటలు విన్న మగవాళ్లు ఒక స్త్రీకి తినిపించడానికి కారం సాస్ ఎక్కువగా పోశారని చూపించారు. ఇది చేసిన పని, ఉత్త ఆలోచన కాదు. అయినా ప్రయోగశాల గదిలో, పాట విన్న వెంటనే జరిగింది.

దీనికి ఎదురుగా 2019లో ఆస్ట్రేలియాలోని మెక్వారీ విశ్వవిద్యాలయ పరిశోధకులు డెత్ మెటల్ అనే, చావూ నెత్తురూ నిండిన పాటల రాక్ సంగీతాన్ని ఇష్టపడే 32 మందినీ, ఆ సంగీతం వినని 48 మందినీ పోల్చారు. ఒక కంటికి హింస దృశ్యం, రెండో కంటికి మామూలు దృశ్యం చూపితే మెదడు దేన్ని ముందుకు తెస్తుందో గమనించారు. నెత్తుటి పాటలు ఏళ్ల తరబడి విన్నవాళ్లు మొద్దుబారిపోయి ఉంటే వాళ్లకు హింస దృశ్యం అంతగా పట్టకూడదు. రెండు గుంపులకూ ఒకేలా పట్టింది. అందుకే 'వింటే హంతకులవుతారు' అన్నదీ, 'పాటే కదా, ఏమీ కాదు' అన్నదీ రెండూ అతిశయోక్తులే. పిల్లవాడు వినే పాట కంటే, రోజంతా అదే కోపాన్ని ఒంటరిగా తిప్పి తిప్పి వింటున్నాడా అన్నది ఎక్కువ గమనించదగ్గది.

ప్రభుత్వమే కత్తెర పట్టాలా? పట్టిన చోట ఏమైందో చూడండి. ఫ్లోరిడాలో ఒక ర్యాప్ ఆల్బమ్ అశ్లీలమని 1990లో ఫెడరల్ జడ్జి తేల్చారు, 1992లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. లండన్ పోలీసుల కోరిక మీద ఇన్‌స్టాగ్రామ్ యజమాని మెటా అందులోంచి ఒక డ్రిల్ పాట (ర్యాప్‌లో ఒక శైలి) తీసేస్తే, 2022లో దాని పర్యవేక్షక మండలి ఆ తొలగింపు తప్పని చెప్పింది. పాటలోని బెదిరింపు నిజంగా ఫలానా మనిషి మీదికేనా, పాత్ర నోట వచ్చిన మాటా అన్నది ఒక్క చరణం చూసి తేల్చలేరు. ఒక నిర్దిష్ట వ్యక్తికి హాని తలపెట్టిన మాటైతే దానికి బెదిరింపు చట్టాలున్నాయి, పాటల కోసం కొత్తవి అక్కర్లేదు.

యాప్‌లు చేయాల్సింది చిన్నది. ఒక్క 'ఈ' బదులు భాష, హింస, శృంగారం, మత్తు అని నాలుగు విడి గుర్తులు పెట్టి, దేనికది ఆపుకునే వీలివ్వాలి. మార్గదర్శకాల్లో ఆ నాలుగు మాటలూ ఎలాగూ ఉన్నాయి, ఎక్కించే ఫారంలో గడులు పెంచితే చాలు. అప్పటిదాకా తెర మీద లిరిక్స్ చూపించే యాప్‌ను ఎంచుకుని, కొత్త జాబితాలో మోగే పాటల సాహిత్యం పిల్లవాడితో కలిసి ఒకసారి చదవండి. ఒక్కో పాటకు రెండు నిమిషాలు పడుతుంది.