రోడిన్ పక్కన ఆర్ప్: బాసెల్‌లో చూసిన ప్రదర్శన

ఫ్రెంచ్ శిల్పి రోడిన్, ఆయన తర్వాతి తరం శిల్పి ఆర్ప్ చేసిన శిల్పాలను పక్కపక్కన పెట్టారని తెలిసి, 2021 మే మొదట్లో స్విట్జర్లాండ్‌లోని జూరిక్ నుంచి బాసెల్ వెళ్లాం. రైల్లో గంట ప్రయాణం. ప్రదర్శన పెట్టిన బెయెలర్ మ్యూజియం ఊరికి కాస్త ఎడంగా రీహెన్‌లో ఉంది. అందుకే స్టేషన్ దగ్గర కాకుండా మెస్సెప్లాట్జ్ వైపు రూమ్ తీసుకున్నాం. అక్కడ 6వ నంబర్ ట్రామ్ ఎక్కితే నేరుగా మ్యూజియం దగ్గరే దిగొచ్చు. రూమ్ చిన్నదే అయినా శుభ్రంగా ఉంది. హోటల్లో దిగినవాళ్లకు బాసెల్‌కార్డ్ ఇస్తారు. దాంతో ట్రామ్ ఉచితం, మ్యూజియం టికెట్ సగం ధర. మా హోటల్లో మేం అడిగితే గానీ ఇవ్వలేదు. మీరు చెక్-ఇన్‌లోనే అడిగి తీసుకోండి.

కోవిడ్ రోజులు కాబట్టి టికెట్ ముందే ఆన్‌లైన్‌లో, టైమ్ చూసుకుని కొనాల్సి వచ్చింది. దానివల్ల లోపల తోపులాట లేదు. అయినా రోడిన్ ప్రసిద్ధ శిల్పాలు ‘థింకర్’, ‘కిస్’ దగ్గర ఫోన్లు పట్టుకున్న జనమే. నాకైతే అసలు విషయం మరోచోట దొరికింది.

రోడిన్ ‘గొంతుక్కూర్చున్న స్త్రీ’ 1880ల తొలినాళ్లది. ఒళ్లంతా ముడుచుకుని, తల మోకాలి మీదికి వాల్చి, చేత్తో పాదం పట్టుకుని ఉంటుంది. వేళ్లతో మట్టి నొక్కిన గుర్తులు కంచులోనూ అలాగే ఉండిపోయాయి. రోడిన్‌కు నివాళిగా ఆర్ప్ 1938లో మలిచిన శిల్పంలో ముఖం లేదు, వేళ్లు లేవు. ఏట్లో అరిగిన గులకరాయిలా నున్నగా ఉంటుంది. విడిగా చూస్తే ఉత్త ముద్ద అనుకుని దాటిపోయేదాన్ని. రోడిన్‌ను చూసి ఇటు తిరిగితే వంగిన వీపు, ముడిచిన మోకాళ్లు అందులోనూ కనిపించాయి.

రెంజో పియానో డిజైన్ చేసిన ఆ భవనానికి పైకప్పు గాజుది. మబ్బు పట్టినప్పుడల్లా రోడిన్ శిల్పం మీది గుంటల్లో నీడలు మారిపోతాయి. ఆర్ప్ మీద వెలుతురు ఎక్కడా ఆగదు, జారిపోతుంది. ఇద్దరి తేడా చెప్పడానికి గోడ మీది వివరాల కంటే ఆ వెలుతురే నాకు ఎక్కువ పనికొచ్చింది. వందకు పైగా శిల్పాలూ బొమ్మలూ పెట్టారు. ఇన్ని లేకపోయినా బాగుండేది, చివరి గదులకు కళ్లు అలసిపోయాయి.

రెస్టారెంట్‌లో బయటి టేబుళ్లే తెరిచారు. రేట్లు మండిపోతున్నాయి, శాకాహారులైతే తిని వెళ్లడమే మేలు.

ఆ ప్రదర్శన మే 16న ముగిసి, తర్వాత జర్మనీలోని రోలాండ్‌సెక్‌కు వెళ్లింది. ఇప్పుడు బాసెల్ వెళ్లేవాళ్లు రోడిన్ కోసం కున్‌స్ట్‌మ్యూజియం (ఊళ్లోని ఆర్ట్ మ్యూజియం) ఆవరణలో ఆయన శిల్పం ‘కలే పౌరులు’ చూడండి. పిల్లలుంటే థియేటర్ దగ్గర, నీళ్లలో యంత్రబొమ్మలు కదిలే టింగ్లీ ఫౌంటెన్‌కూ తీసుకెళ్లండి, దానికి టికెట్ లేదు.